మా ఇంటి దమ్ము మందు

మా తాతకు పాలకుర్తి దగ్గర మూడూళ్ల మీద పెత్తనం ఉండేది. మా నాన్న చేతికొచ్చేసరికి ఒక ఊళ్లో గడి, దాని వెనక కొంత చెలక మిగిలాయి. నా దాకా ఆ గడి గోడ రాయి కూడా రాలేదు. మట్టెవాడలో రెండు గదుల అద్దె ఇల్లు, అందులో ఒక గది మూలన తాత కాలం నాటి పింగాణీ జాడీ. ఆ జాడీతో పాటు దమ్ము మందు.

ఆయాసానికి మా ఇంట్లో మందు ఇచ్చేవాళ్లు. ఎన్ని తరాల నుంచో నాకు తెలియదు. దీపావళి వెళ్లిన తర్వాత మొదలుపెట్టి శివరాత్రికి ఆపేవాళ్లం. ఆదివారం పొద్దున స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, కందిగింజంత గుళికను తమలపాకులో చుట్టి ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. మనిషికి వారానికి ఒకటే గుళిక. ప్రతిఫలం ముట్టకూడదు, కొబ్బరికాయ కూడా. మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, పత్తి మిల్లు ఆడవాళ్లు, పాలకుర్తి వైపు పల్లెల వాళ్లు వచ్చేవాళ్లు. చెప్పులు గడప అవతల విడిచి, "దొరా" అని పిలిచేవాళ్లు. మిగతా ఆరు రోజులు నేను ఒక ప్రైవేటు కాలేజీలో హాల్ టికెట్ల మీద ముద్రలు కొట్టే గుమస్తాను. ఆదివారం ఒక్క పూట మాత్రం మా తాత మనవణ్ణి. ఈ మాట దాచి చెప్పేదేమీ లేదు. రిటైరయ్యాక ఆ పూట నాకు మరింత ముఖ్యమైంది.

మందులో ఏముందో పెద్దకొడుక్కి తప్ప ఎవరికీ చెప్పరు. చెబితే మందు చచ్చిపోతుందని నమ్మకం. నాకు చెప్పిన రోజు మా నాన్న నన్ను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, కుడి చెవిలో చెప్పాడు. తమ్ముణ్ణి బయట నిలబెట్టి తలుపు వేశారు. అప్పటికి వాడికి పెళ్లయి ఏడాదైంది. కొత్త పెళ్లాం ముందు తలుపు అవతల నిలబడాల్సి వచ్చిందని వాడు చాలా ఏళ్లు ఎత్తిపొడిచేవాడు. నవ్వుతూనే అనేవాడు. కాబట్టి నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

తమ్ముడికి హనుమకొండలో జిరాక్స్ షాపు. చిన్నప్పటి నుంచీ వాడికి దమ్ము ఉంది. దానికి ఎవరో డాక్టరు రాసిచ్చిన పంపు వాడేవాడు. నలుగురూ నిలబడి ఉండగానే జేబులోంచి తీసి నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. మా ఇంటి మనిషి అలా రోడ్డు మీద పంపు పీల్చడం నాకు నచ్చేది కాదు. మూడేళ్ల కింద దీపావళి దాటాక ఒక రోజు వాడి షాపులోనే అడిగేశాను. ఊరందరికీ మందు ఇచ్చే ఇంట్లో పుట్టి, నువ్వు మందుల దుకాణం చుట్టూ తిరుగుతున్నావే, నలుగురూ ఏమనుకుంటారు అని.

"ఏమనుకుంటరన్నా, పోలీసోని విజిల్ అనుకుంటరు" అన్నాడు, పంపు చూపిస్తూ. జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చిన వకీలు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. తమ్ముడు నా ముఖం చూసి పంపు జేబులో పెట్టుకున్నాడు. "సరే, ఇయ్యి మరి మన మందు. ఒక సలికాలం సూస్త" అన్నాడు.

ఇక్కడే నేను తప్పు చేశాను. తప్పని అప్పుడు తెలియదు. వారానికి ఒకటి అనే నియమం బయటివాళ్లది అని నేను అనుకున్నాను. పూర్వం పల్లెల నుంచి బండి కట్టుకుని వారానికి ఒకసారే రాగలిగేవాళ్లు కాబట్టి అలా పెట్టి ఉంటారని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. సొంత తమ్ముడికి పరాయివాడికి ఇచ్చినట్టు కొలిచి ఇవ్వడమేమిటి? మట్టెవాడ నుంచి హనుమకొండ ఎంత దూరం? రోజూ పొద్దున ఆటో ఎక్కి వెళ్లి, షాపు షట్టరు ఎత్తే వేళకు వాడి చేతిలో గుళిక పెట్టేవాణ్ణి. బయట నిలబడి ఆకు పుచ్చుకునే మనిషికి వారానికి ఒకటి, మా రక్తానికి రోజుకొకటి.

మొదటి నెల వాడికి నిజంగానే దమ్ము తగ్గింది. పంపు షాపు సొరుగులో పడేశాడు. వచ్చినవాళ్లకల్లా మా ఇంటి మందు గొప్ప చెప్పాడు. ఆ నెల రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

సంక్రాంతి ముందు వాడి భార్య నాకు ఫోన్ చేసింది. "ఎంత పెట్టినా ఒంటికి పడ్తలేదు బావగారూ. పూటకు రెండు పళ్లాలు తింటాండు, ప్యాంటు మాత్రం జారిపోతాంది." నెయ్యి ఎక్కువ వేయమని చెప్పాను. వేసింది. వాడు ఇంకా చిక్కిపోయాడు. తర్వాత అరికాళ్లలో మంట మొదలైంది, ఆ మంట పోయి మొద్దుబారడం వచ్చింది. "చెప్పులిడిసినా చెప్పులు తొడుక్కున్నట్టే ఉంటాందన్నా" అనేవాడు. అరచేతుల్లో చర్మం గట్టిపడి, చిన్న చిన్న గింజల్లాంటివి లేచాయి.

నేను ఆ చేతులు చూసి ధైర్యం చెప్పాను. మందు దిగుతోందని చెప్పాను. మా ఇంట్లో అలాగే అనేవాళ్లు. కాళ్లు మండితే జబ్బు కిందికి దిగి పోతోందని గుర్తు, చేతులు గరుకెక్కితే మందు ఒంటికి పట్టిందని గుర్తు. మా నాన్న అరచేతులు జీవితమంతా ఇసుక కాగితంలా ఉండేవి. నాగలి ముట్టని చేతులకు ఆ గరుకు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మందు చేసే చెయ్యి అలాగే ఉంటుందని ఊరంతా చెప్పుకునేది. మేమూ గొప్పగా చెప్పుకునేవాళ్లం.

శివరాత్రి ఇంకా పది రోజులుందనగా తమ్ముడు షాపు మెట్ల మీద పడిపోయాడు. జారి పడలేదు. కాలు ఎక్కడ పెట్టాడో కాలికి తెలియక పడ్డాడు. మళ్లీ లేవలేకపోయాడు. అప్పటికి రెండు రోజులుగా వాంతులు. పక్క షాపు వాళ్లు దవాఖానలో చేర్చి నాకు ఫోన్ చేశారు.

హనుమకొండలోని ఆ దవాఖాన పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు చేయాల్సిందంతా చేశారు. షుగరు చూశారు, లేదు. నరాల పరీక్ష చేశారు. గుండె కాగితం తీశారు, అందులో కొట్టుకోవడం క్రమం తప్పుతోందని అన్నారు. వార్డు చూసే డాక్టరు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. వాడి గోళ్లు ఒక్కొక్కటే కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. ప్రతి గోరు మీదా అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది. నేను అంతవరకు గమనించలేదు.

"నాటు మందులు, భస్మాలు ఏమన్న వాడినవా అన్నా?" అని వాణ్ణి అడిగింది.

తమ్ముడు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను. "లేదమ్మా" అన్నాడు.

నా కోసమే అబద్ధమాడాడు. నేను ఆడించలేదు కానీ, ఆపలేదు కూడా. మా మరదలు మంచం అవతలివైపు నిలబడి ఉంది. ఆమె నోరు మెదపలేదు. తర్వాత చెప్పింది, మన మందును నాటు మందు అంటారని తనకు తట్టనే లేదని. నాటు మందు అంటే బస్టాండు దగ్గర గుడారం వేసుకుని అమ్మేది అని ఆమె అనుకుంది.

ఆ తర్వాతిది రాయడం కష్టం. అయినా రాస్తాను. దవాఖానలో ఉన్న మొదటి మూడు రోజులూ పొద్దున పూట నేను వాడికి గుళిక ఇచ్చాను. నర్సు అటు వెళ్లగానే తమలపాకు చొక్కా జేబులోంచి తీసి వాడి నోట్లో పెట్టాను. వాడు నీరసపడే కొద్దీ మందు ఆపకూడదని నాకు అనిపించింది. వాడు ఒక్కరోజు కూడా వద్దనలేదు. మూడో రోజు మింగలేక కాసేపు నోట్లోనే పెట్టుకున్నాడు. నేను నీళ్లు పట్టి మింగించాను.

ఆ మధ్యాహ్నం వాడి గుండె ఒకసారి ఆగినంత పనైంది. నలుగురు పరుగెత్తుకొచ్చి మంచం చుట్టూ తెర లాగారు. పావుగంట తర్వాత తెర తీశారు. వాడు ఉన్నాడు. డాక్టరు వరండాలోకి వచ్చి మా ఇద్దరికీ చెప్పింది. ఇలాంటిది ఇంకోసారి వస్తే తట్టుకోలేడని, ఒంట్లోకి ఏది పోతోందో తెలిస్తే తప్ప చేయగలిగింది లేదని.

మరదలు అప్పుడు నావైపు తిరిగింది. ముప్పై ఏళ్లలో నా ఎదుట తలెత్తి మాట్లాడని మనిషి. "బావగారూ, మందు సంగతి మీరు చెప్తరా, నన్ను చెప్పుమంటరా?" అంది.

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏ మందు అని అడగలేదు. తన ఫోన్ తీసి ఏదో వెతికి నా ముందు పెట్టింది. అందులో ఒక మనిషి అరచేతుల ఫొటో ఉంది. గట్టిపడి, గింజలు గింజలుగా లేచిన చర్మం.

"ఇసొంటి చేతులు మీరెక్కడన్న చూసిన్రా అంకుల్?"

నన్ను అంకుల్ అని పిలిచేవాళ్లకు నేను మామూలుగా జవాబివ్వను. ఆ రోజు ఆ పిలుపు పట్టించుకునే స్థితిలో లేను. ఆ ఫొటోలో ఉన్నవి మా నాన్న చేతులు. అవే మడతలు, వేళ్ల మొదళ్ల దగ్గర అవే గింజలు. ఆయన చివరి రెండేళ్లు కాళ్లలో స్పర్శ లేక మంచం మీదే ఉన్నాడు. ఆ రోగానికి మేము వయసు అని పేరు పెట్టాము. నేను నా చెయ్యి తిప్పి చూసుకున్నాను. బొటనవేలి కింద గరుకు మొదలైంది.

నేను తూర్పు ముఖంగా కూర్చోలేదు. చెవిలో చెప్పలేదు. దవాఖాన వరండాలో నిలబడి, నర్సులు స్ట్రెచర్ తోసుకుపోతుంటే, ఒక పరాయి అమ్మాయికి చెప్పాను. పిప్పళ్లు, అడ్డసరం ఆకు, బెల్లం, పాషాణం. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. రోజూ అని చెప్పాను. ఆఖరుది ఎప్పుడని అడిగింది. ఈ పొద్దున అన్నాను.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. నర్సును కేకేస్తూ లోపలికి వెళ్లిపోయింది.

విరుగుడు మందు హైదరాబాదు నుంచి రావాలి. తెల్లవారి వచ్చింది. అది ఒంట్లో ఇరుక్కున్న పాషాణాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కొస్తుందట. గుండె కుదుటపడటానికి ఐదు రోజులు పట్టింది. దవాఖాన వాళ్లు పోలీసులకు కాగితం రాశారు. ఒక జమేదారు వచ్చి తమ్ముడి వాంగ్మూలం తీసుకున్నాడు. తెలియక జరిగిందని వాడు చెప్పాడు. నేను పక్కనే ఉండి, ఇచ్చింది నేనేనని, నా పేరు కూడా రాయమని చెప్పాను. రాసుకున్నాడు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం డాక్టరుకు కొంచెం తీరిక దొరికితే, పాషాణం, వాళ్లు ఆర్సెనిక్ అనేది, ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పమని అడిగాను. ఓపికగా చెప్పింది. అన్నం కడుపులో అరిగినంత మాత్రాన పని అయిపోదట. దాని సారం రక్తంలో కలిసి ఒంట్లోని ప్రతి కణంలోకీ వెళ్లి, అక్కడ సన్నటి మంటలా మండి, శక్తిగా మారాలి. అలా మండించడానికి కణంలో పనివాళ్లలాంటి పదార్థాలు ఉంటాయి. పాషాణం వెళ్లి వాటి చేతులు పట్టుకుని వదలదు. ఇంకో రకం పాషాణమైతే భాస్వరం పోలికతో ఉంటుందట. దేహం దాన్ని తన మనిషే అనుకుని లోపలికి రానిస్తుంది. అది భాస్వరం కూర్చునే చోట కూర్చుంటుంది కానీ, ఆ పని చేయదు. ఎక్కువ శక్తి కావాల్సినవి ముందు దెబ్బతింటాయి. నరాల్లో అన్నిటికన్నా పొడుగైనవి పాదాల దాకా పోయేవి. అందుకే మొదట పాదాలు చచ్చిపోతాయి. మరి మొదట్లో దమ్ము ఎందుకు తగ్గిందని అడిగాను. చాలా విషాలకు కొద్ది మోతాదులో ఏదో ఒక మేలు కనబడుతుందని, పూర్వం తెల్లదొరల దేశం డాక్టర్లు కూడా దీన్నే దమ్ముకు ఇచ్చి ఆ తర్వాత మానేశారని చెప్పింది. వాళ్లు మానేశారు. మేము మానలేదు.

"మీ తమ్ముడు తిండి లేక చిక్కిపోలేదు అంకుల్. తిన్నది లోపల అంటుకోక చిక్కిపోయిండు" అంది లేస్తూ.

నెయ్యి ఎక్కువ వేయమని నేను చెప్పిన సంగతి ఆమెకు తెలియదు.

తమ్ముణ్ణి జనరల్ వార్డుకు మార్చిన తర్వాత ఒక పొద్దున నేను ఒక్కణ్ణే పక్కన ఉన్నాను. వాడు కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. జుట్టు చాలా ఊడిపోయింది. నన్ను చూడకుండానే అడిగాడు.

"డాక్టరమ్మకు చెప్పినవట గద."

చెప్పానన్నాను.

"మూడు దినాలు పట్టిందా?"

అవునన్నాను.

"నాకైతే ముప్పై ఏండ్లయినా చెప్పకపోతివి." గొంతులో కోపం లేదు. కోపానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి. "ఇప్పుడన్న చెప్పరాదు. ఏమున్నది అండ్ల?"

నాలుగు పేర్లూ చెప్పాను. జాడీలో ఉన్న తెల్ల గడ్డను తాత ఎక్కణ్ణించి తెప్పించాడో, దాన్ని శుద్ధి చేశామని మేము ఎలా నమ్మేవాళ్లమో కూడా చెప్పాను. వాడు మొత్తం విన్నాడు. ఆ తర్వాత తల నావైపు తిప్పాడు.

"గింతేనా అన్నా?"

"ఇంతే."

"గీ నాలుగింటి కోసమా నన్ను బయట నిలబెట్టింది" అన్నాడు. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. నేను మంచం పక్క బల్ల మీది పంపు తీసి వాడి నోటికి అందించాను. పీల్చాడు.

వాడు ప్రాణంతో ఇంటికి వచ్చాడు. పాదాలు మాత్రం రాలేదు. నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని, ఎక్కడ అడుగు వేస్తున్నాడో కళ్లతో చూసుకుంటూ నడుస్తాడు. చీకట్లో నడవలేడు, కళ్లు మూసుకుంటే నిలబడలేడు. మొన్న ఎండలో బయటికి వెళ్లి కాళ్లు బొబ్బలెక్కినా తెలియలేదు, మరదలు చూసి చెప్పింది. షాపు ఇప్పుడు ఆమె చూసుకుంటోంది. జాడీని నేను పారబోయలేదు. ఎక్కడ పారబోసినా ఎవరి నోట్లోకో పోతుందని డాక్టరు చెబితే, మూత బిగించి ఆమె చెప్పిన చోట అప్పగించాను.

మందు పుచ్చుకున్న వాళ్ల పేర్లు మేము ఎక్కడా రాసుకోలేదు. రాసుకోకపోవడమే మా పద్ధతి. ఆదివారం వచ్చినవాళ్లకు గుమ్మంలోనే చెప్పి పంపించాను. చాలామంది నమ్మలేదు. ఇవ్వడం ఇష్టం లేక అంటున్నానని ఒకామె అలిగి వెళ్లింది. రాని వాళ్ల సంగతి ఏమిటని తమ్ముడే అడిగాడు. గుర్తున్నవాళ్ల ఇంటింటికీ పోదాం, నన్ను కూడా తీసుకుపో, నువ్వు చెబితే నమ్మరు, నా కాళ్లు చూస్తే నమ్ముతారు అన్నాడు. నా తమ్ముణ్ణి ఆటోలో వేసుకుని ఊరూరా తిప్పి చూపించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. వాడు వినలేదు.

పాలకుర్తి దాటాక ఒక పల్లెలో దూది ఏకి బొంతలు, పరుపులు కుట్టే ముసలాయన ఉన్నాడు. సాయెబు. దూది దుమ్ముకు ఆయనకు దమ్ము పట్టుకుంది. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ప్రతి చలికాలం వచ్చేవాడు, బస్సు దొరక్కపోతే ట్రాక్టరెక్కి అయినా వచ్చేవాడు. మమ్మల్ని చూసి హడావిడిగా లేచి, కుట్టి పెట్టిన పరుపు ఒకటి అరుగు మీద పరిచాడు. నేను కూర్చోలేదు. నిలబడే సంగతి చెప్పాను. మందులో పాషాణం ఉందని, మా నాన్నకూ నాకూ తెలిసే ఇచ్చామని, శుద్ధి చేసినా అది విషమేనని మాత్రం తెలియదని చెప్పాను.

ఆయన నవ్వాడు. "పరాచికాలాడుతాన్రా దొరా? మీ నాయిన చేతి మందు. ఇషమెట్లయితది?"

తమ్ముడు స్టాండు పక్కన పెట్టి పరుపు మీద కూర్చున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా లాగి, ఎండిపోయిన పిక్కలు చూపించాడు. "చాచా, గా సూది ఇటియ్యి" అని పరుపులు కుట్టే పెద్ద సూది అందుకుని, బొటనవేలి పక్కన గుచ్చుకున్నాడు. రక్తం చుక్క వచ్చింది. వాడి ముఖంలో ఏ మార్పూ లేదు.

ముసలాయన నవ్వు ఆగిపోయింది. గబుక్కున సూది లాక్కుని, తన లుంగీ అంచుతో ఆ రక్తం తుడిచాడు. చాలాసేపు వాడి పాదం చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. ఆ తర్వాత నావైపు చూసి అడిగాడు.

"మరి నేనెన్ని ఏసుకున్న దొరా?"

నాకు తెలియదు. నాన్న ఇచ్చినవి ఎన్నో, నేను ఇచ్చినవి ఎన్నో. ఆయన రెండు అరచేతులూ తెరిచి నా ముందు పెట్టాడు. నేను ఆయన ముందు వంగి చూశాను. ఏకే కర్ర పట్టుకునే చోట కాయలు కాచి ఉన్నాయి, అవి పనివి. వేళ్ల మొదళ్ల దగ్గర వేరే గరుకు ఉంది, చిన్న చిన్న గింజలుగా. అది మాది.

హనుమకొండకు రమ్మని, అక్కడ పరీక్ష ఉందని, తోడు నేను ఉంటానని చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆటోలో వెనక సీటు మీద వాళ్లిద్దరూ కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక నుంచి ముసలాయన తన కాళ్లు అప్పుడప్పుడు నేలకేసి తట్టుకుని చూసుకుంటున్న చప్పుడు హనుమకొండ దాకా వినిపిస్తూనే ఉంది.